పుకట్ కవరుకు పైసలు ఎవరు కడుతున్నరు?

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో “ఇంట్లో ప్లాస్టిక్ – ఇంటిల్లిపాది ఆరోగ్యం” అనే అంశంపై చేసిన ప్రసంగ పాఠం)

కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చినవాళ్లున్నరు. ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ దిక్కు నుంచి పొద్దుగాల్నే బస్సెక్కి వచ్చినవాళ్లున్నరు. పొద్దటి నుంచి పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వసూళ్ల లెక్కలు విన్నం. నేను సుత ఒక లెక్కే చెప్తా. కాకపోతే ఇది మన సంఘం పుస్తకాలల్ల ఎక్కడా రాయని లెక్క. దుకాణంల సామాన్లు వేసిచ్చే కవరు లెక్క.

కవరుకు దుకాణపాయన పైసలు అడగడు. పుకట్లనే ఇస్తడు. అందుకే మనం వద్దనం. కానీ దాని బిల్లు తర్వాత వస్తది. పశువుల దవాఖాన దగ్గర ఒకసారి, పిల్లల జ్వరాలప్పుడు ఒకసారి, పత్తి అమ్మేకాడ ఒకసారి వస్తది. ఆ బిల్లు ఎక్కువసార్లు కట్టేది ఆడవాళ్లమే. అందుకే ఈ మాట మన సంఘంలనే మాట్లాడాలె.

మన ఇండ్లలకు ఎట్లొచ్చింది

ఇప్పుడు మనం వాడే చేతి కవరు ఆకారం 1965లో స్వీడన్ దేశంలో ఒక కంపెనీ పేటెంట్ చేసుకున్నది. అక్కడి నుంచి ప్రపంచమంతా తిరిగి మన పల్లెలకు చేరింది. అంతకుముందు అంగడికి పోతే సంచి, కూరగాయలకు గంప, నూనెకు సీసా, పాలకు చెంబు, కల్లుకు లొట్టి. మాంసం కట్టిస్తే మోత్కాకుల్నో టేకాకుల్నో కట్టిచ్చేటోళ్లు. పెండ్లికి, పండుగకు మోత్కాకు ఇస్తార్లు. అవన్నీ మట్టిల కలిసేటియే, మళ్లీ వాడుకునేటియే.

మరి అంత మంచి పద్ధతిని ఎందుకు వదిలిపెట్టినం? మన వాళ్లు తెలివిలేక వదిలిపెట్టలేదు. సీసా కడగాలె, చెంబు తోమాలె, సంచి ఉతకాలె. పెండ్లిల ఐదువందల మంది తిన్న బోళ్లు తోమాలె. ఆ కడుగుడు, తోముడు అంతా ఆడవాళ్ల మీదనే ఉండె, దానికి కూలి లేకుండె. ప్లాస్టిక్ గ్లాసు వచ్చినంక తాగి అవతల పారేస్తే పనైపోయింది. నడుము నొప్పి తగ్గింది. అందుకే దాన్ని ఇంట్లకు రానిచ్చినం.

ఈ సంగతి ముందుగాలనే ఎందుకు చెప్తున్ననంటే, ప్లాస్టిక్ మీద మాట్లాడేవాళ్లు చాలామంది “అమ్మలారా, మీరు మారాలె” అని చెప్పి పోతరు. మళ్లా తోముడు మన మీదనే వేసి పోతరు. నేను ఆ మాట చెప్పడానికి రాలేదు. ప్లాస్టిక్ పోవాలంటే, అది తప్పించిన పనికి ఒక లెక్క, ఒక కూలి ఉండాలె. అది ఒక్కొక్క ఇల్లాలితోని కాదు. సంఘంతోనే అయితది. నా మాటంతా ఇదే.

ఇంకొక మాట. ప్లాస్టిక్ అంతా చెడ్డదని కూడా నేను అనను. మన ఐకేపీ కొనుగోలు కేంద్రాలల్ల వడ్ల కుప్పల మీద కప్పేది ప్లాస్టిక్ పట్టానే. వాన కొట్టినప్పుడు ఆ పట్టా లేకుంటే రైతు గతి ఏమైతదో మనకు తెలుసు. దవాఖానల సెలైన్ సీసా, చేనుల డ్రిప్ పైపు, ఇవన్నీ అవసరమైనవే. ఏండ్ల తరబడి పనిచేసే ప్లాస్టిక్ వేరు. పది నిమిషాలు వాడి పారేస్తే వందల ఏండ్లు మట్టిల ఉండే ప్లాస్టిక్ వేరు. మనం మాట్లాడేది ఈ రెండోదాని గురించి.

మొదటి బిల్లు: కొట్టంల

మన సంఘాలల్ల ఎంతమంది బర్రెలకు, ఆవులకు అప్పు తీసుకున్నరో చేతులెత్తితే సగం మందికి పైగా ఉంటరు. బర్రె పాలిస్తేనే కిస్తు కట్టగలం. ఇప్పుడు ఇంట్ల ఏం జరుగుతదో చూద్దాం. మిగిలిన అన్నం, కూరగాయల పొట్టు, ఉప్పు తగిలిన ఎంగిలి అంతా కవర్ల వేసి, ముడేసి, బయట పారేస్తం. పశువుకు ఆ వాసన తెలుస్తది. ముడి ఇప్పడానికి దానికి చేతులు లేవు. కవరుతో సహా మింగుతది.

నెమరు వేసే పశువు పెద్ద పొట్టల ప్లాస్టిక్ అరగదు, పేడల సరిగ్గా పోదు. ఒక్కొక్క కవరు, తాడు ముక్క, సుతిలి పురి అన్నీ కలిసి గట్టి ముద్ద అయితది. మేత తినదు, కడుపు ఉబ్బుతది, పాలు తగ్గుతయి, ఎండిపోతది. మందులతోని అది కరగదు. పొట్ట కోసి తీయాలె. అప్పటికి చాలాసార్లు ఆలస్యమే అయితది.

ఈ సంగతిని దేశం ముందు పెట్టింది మన తెలుగు నేలనే. అప్పటి అనంతపురం జిల్లా పుట్టపర్తిల పశువుల కోసం పనిచేసే కరుణ సొసైటీ వాళ్లు ఆవుల పొట్టలు ఆపరేషన్ చేసి ప్లాస్టిక్ తీసిండ్రు. దాని మీద 2012లో ‘ది ప్లాస్టిక్ కౌ’ అనే డాక్యుమెంటరీ సినిమా వచ్చింది. అదే ఏడు సుప్రీంకోర్టుల కేసు కూడా వేసిండ్రు. ఒక్కొక్క ఆవు పొట్టల ముప్పై కిలోలకు పైగా ప్లాస్టిక్ దొరుకుతున్న సంగతి అప్పుడు కోర్టుల చర్చకు వచ్చింది. ముప్పై కిలోలంటే మన ఇంట్ల బియ్యం బస్తా కన్నా ఎక్కువ.

వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించే జిల్లా మనది. కోడెను గుడి చుట్టు తిప్పి దండం పెట్టే చేతితోనే దాని నోటికి కవరు అందియ్యద్దు. ఇంకేం చేయలేకపోయినా ఈ ఒక్క పని రేపటి నుంచే చేయొచ్చు: తిండి వస్తువును కవర్ల కట్టి పారేయద్దు. తడి చెత్త విడిగా, ముడి లేకుండా.

రెండో బిల్లు: పొయ్యికాడ, వంటింట్ల

కట్టెల పొయ్యి తొందరగా అంటుకోవాలని నూనె ప్యాకెట్, కవరు ముక్క పెట్టి ముట్టిస్తం. చలికాలం పొద్దున వాకిట్ల చలిమంటల చెత్తతోపాటు కవర్లు వేస్తం. కాలిపోయింది, పీడ పోయింది అనుకుంటం. అది పోలేదు, పొగ అయి మన ముక్కులల్లకు వచ్చింది. ప్లాస్టిక్ కాలినప్పుడు, ముఖ్యంగా పీవీసీ రకం కాలినప్పుడు, డయాక్సిన్లు అనే విషాలు పుడతయి. అందుల బాగా ప్రమాదమైన రకాన్ని క్యాన్సర్ తెచ్చేదిగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది. పొయ్యికాడ కూసునేది మనం. మన ఒళ్లె పసిపిల్ల ఉంటది. కడుపుతోని ఉన్న కోడలు పక్కనే ఉంటది. దుమ్ము, దగ్గు, ఆయాసం ఉన్న ముసలోళ్లు అరుగు మీద ఉంటరు.

చెత్త బయట కాల్చుడు నేరం కూడా. 2016 డిసెంబర్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు ప్రకారం, బయట చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా. జరిమానా మాట పక్కన పెట్టినా, పొయ్యిలకు ప్లాస్టిక్ పోవద్దు. అంటించడానికి కొబ్బరి పీచు, ఎండుటాకు, పత్తి కట్టె, కంది కట్టె మనకు కరువు లేదు.

ఇగ వేడి తిండి సంగతి. చేనుకాడికి, పనికాడికి చాయ్ కవర్ల పోయించుకొని తెస్తరు. హోటల్ల సాంబారు, పప్పు సలసల కాగేది కవర్ల కట్టిస్తరు. వేడి, నూనె, పులుపు, ఉప్పు, ఈ నాలుగు తగిలితే ప్లాస్టిక్‌ల కలిపిన రసాయనాలు తిండిలకు ఎక్కువ దిగుతయి. మామిడికాయ తొక్కులో వేడి తప్ప మిగతా మూడూ ఉన్నయి. ఏడాది పొడుగునా దాన్ని పెయింటు డబ్బాలనో, పాత ప్లాస్టిక్ డబ్బాలనో పెడితే ఏం మంచిగుంటది? తొక్కుకు జాడీ, లేకుంటే గాజు సీసా.

“మేం కాగితం కప్పుల తాగుతున్నం కదా” అంటరు కొందరు. కాగితం కప్పు లోపల చాయ్ కారకుండా పలుచని ప్లాస్టిక్ పొర ఉంటది. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు 2020లో పరీక్ష చేసిండ్రు. 100 మిల్లీలీటర్ల వేడినీళ్లు ఆ కప్పుల 15 నిమిషాలు ఉంచితే, కంటికి కనిపించని ప్లాస్టిక్ రేణువులు దాదాపు 25,000 ఆ నీళ్లల్ల కలిసినయి. మీటింగుల మూడు చాయ్‌లు తాగితే లెక్క మీరే వేసుకోండి.

ఆ రేణువులు ఎక్కడిదాక పోతున్నయంటే, 2020లో ఇటలీ డాక్టర్లు ఆరుగురు బాలింతల మావిని పరీక్షిస్తే నలుగురి మావిల ప్లాస్టిక్ రేణువులు దొరికినయి. 2022లో నెదర్లాండ్స్‌లో 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మంది రక్తంల దొరికినయి. అవి లోపల ఎంత హాని చేస్తయన్నది శాస్త్రవేత్తలు ఇంకా తేలుస్తనే ఉన్నరు. భయపడి తిండి మానేసేది ఏమీ లేదు. కానీ తల్లి కడుపుల బిడ్డకు అందే దారిల ఇది ఉన్నదని తెలిసినంక, వేడి చాయ్‌ని కవర్ల పోయించుకునే అవసరం మనకు ఉన్నదా? ఒక స్టీల్ క్యాన్, ఒక ఫ్లాస్క్ కొనుక్కుంటే పదేండ్లు వస్తది.

చేనుకు కొట్టే మందు డబ్బాల గురించి గట్టిగా చెప్తున్న. పురుగుమందు డబ్బా ఎంత కడిగినా నీళ్లకు, నూనెకు, కిరోసిన్‌కు వాడద్దు. మందు కలిపేటప్పుడే మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు స్ప్రే ట్యాంకులనే పోయాలె. తర్వాత డబ్బాకు పొక్కలు పెట్టాలె. పొక్క ఉంటే ఇంకెవరూ వాడరు, పిల్లలు నీళ్లు తాగరు.

మూడో బిల్లు: మోరికాడ

డెంగీ దోమ మురికి గుంటల్ల కాదు, శుభ్రమైన నిలువ నీళ్లల్ల గుడ్లు పెడుతది. దానికి చెరువంత నీళ్లు అక్కర్లేదు. పారేసిన ప్లాస్టిక్ గ్లాసుల, కొబ్బరి బోండాల, కవరు మడతల వాన నీళ్లు నాలుగు చెంచాలు నిలిస్తే చాలు. వారం, పది రోజులల్ల గుడ్డు దోమ అయి ఎగురుతది. ఫ్రైడే డ్రై డే అని తొట్లు, డ్రమ్ములు కడుగుతం. ఇంటెనుక పడ్డ గ్లాసులను మాత్రం చూడం.

మోరిల కవరు అడ్డం పడితే నీళ్లు పోవు. బంగ్లాదేశ్‌ల 1988లో, 1998లో పెద్ద వరదలు వచ్చినప్పుడు ఢాకా పట్నం మోరీలు కవర్లతోని మూసుకపోయి నీళ్లు కదలలేదు. అందుకే 2002లో ఆ దేశం పలుచని కవర్లను నిషేధించింది. మనకన్నా ముందే ఆ పని చేసింది.

నాలుగో బిల్లు: పత్తి కాటాకాడ

ఇది ముఖ్యంగా ఆదిలాబాద్ దిక్కు అక్కలకు. పత్తి ఏరేది మనమే. ఏరిన పత్తిని యూరియా సంచులల్ల, ప్లాస్టిక్ సంచులల్ల నింపుతం. ఆ సంచి అంచు పురులు ఊడి పత్తిల కలుస్తయి. పత్తి దారానికి రంగు ఎక్కుతది, ప్లాస్టిక్ పురికి ఎక్కదు. బట్ట తయారైనంక అక్కడ మచ్చ కనిపిస్తది. అందుకే మిల్లులు అటువంటి పత్తిని కింది రకంగా చూస్తయి. వ్యవసాయ అధికారులు పత్తి ఏరడానికి, నింపడానికి నూలు బట్టనే వాడమని చెప్పేది అందుకే. నడుముకు కట్టుకునే ఒడి పాత నూలు చీరది అయితే ఖర్చు లేదు, తేమ సుత పట్టి ఉంచదు.

చూడుండ్రి, ఆదిలాబాద్‌ల పత్తి పండిస్తం. సిరిసిల్లల బట్ట నేస్తం. కుట్టు మిషన్లు మన సంఘాల చేతులల్లనే ఉన్నయి. అయినా అంగడికి ఉత్త చేతులతోని పోయి, ఎక్కడో తయారైన కవరు పట్టుకొని వస్తం.

చట్టం ఏమంటున్నది

దేశమంతటా 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల తయారీ, అమ్మకం, వాడకం నిషేధం. ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణ థర్మకోల్, మిఠాయి డబ్బా మీద చుట్టే పలుచని పొర, 100 మైక్రాన్ల లోపు ఫ్లెక్సీలు అందుల ఉన్నయి. చేతి కవర్లయితే 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పలుచనివి అమ్మరాదు. ఊదితే ఎగిరిపోయే కవర్లన్నీ ఆ లెక్కల వస్తయి. అంటే మన అంగడిల దొరికే కవర్లు చాలావరకు చట్టం ఒప్పుకోనివే.

ప్యాకెట్ల సరుకు అమ్మే కంపెనీలు ఆ ప్లాస్టిక్‌ను తిరిగి సేకరించే బాధ్యత తీసుకోవాలని కూడా నియమాలల్ల ఉన్నది. ఒక్క రూపాయి షాంపూ ప్యాకెట్ తయారు చేసింది మనం కాదు. రోజుకూలి చేసుకునే ఇల్లు పెద్ద సీసా కొనలేక చిన్న ప్యాకెట్ కొంటది. అందుకు మనం సిగ్గుపడేది లేదు. గ్రామసభల లేచి అడిగే హక్కు మాత్రం మనకున్నది: పంచాయతీ ట్రాక్టర్ మా వాడకు ఏ రోజు వస్తది? పొడి చెత్త విడిగా తీసుకుంటున్నరా? తీసుకున్నది ఎటు పోతున్నది?

చేసి చూపించినవాళ్లు

మన పక్కనే సిద్దిపేట జిల్లా ఉన్నది. 2016లో జిల్లాలు చీలినప్పుడు మన హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి అటు పోయినయి. ఆ జిల్లాల ఊళ్లల్ల స్టీల్ బ్యాంకులు పెట్టిండ్రు. పళ్లాలు, గ్లాసులు, గిన్నెలు కొని పెట్టి, పెండ్లికి, దశదిన కర్మకు, ఊరి పండుగకు కిరాయికి ఇస్తరు. నడిపేది మహిళా సంఘాలే.

ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ మండలం ముఖ్రా(కె) చిన్న ఊరు. తడి చెత్త విడిగా తీసి, వర్మీ కంపోస్టు చేసి అమ్మి, పంచాయతీకి ఆదాయం తెచ్చుకున్నది. తడి, పొడి వేరైతే ఎరువు అమ్ముడు పోతది. కవరు ముక్కలు కలిసిన ఎరువును ఏ రైతూ కొనడు.

ఛత్తీస్‌గఢ్‌ల అంబికాపూర్ పట్నంల ఇంటింటి చెత్త తీసి, రకాలుగా వేరు చేసి అమ్మేది స్వయం సహాయక సంఘాల మహిళలే. 2019లో ఆ పట్నంల ఒక హోటల్ పెట్టిండ్రు. కిలో ప్లాస్టిక్ చెత్త తెచ్చినవాళ్లకు అక్కడ అన్నం పెడుతరు. కేరళల కుటుంబశ్రీ మహిళలు హరిత కర్మ సేన పేరుతోని ఇంటింటికి పోయి ప్లాస్టిక్ తీసుకుంటరు, నెలనెలా ఇంటికింత రుసుము వసూలు చేస్తరు. ఈ రెండు చోట్లా ఒకటి గమనించండి. ఆడవాళ్లు సేవ చేసిండ్రు, కానీ ఉత్తగ చేయలేదు. పనికి పైసలు తీసుకున్నరు. అందుకే అది ఏండ్ల తరబడి నడుస్తున్నది.

మన ఆచారాలల్ల కూడా దారి ఉన్నది. కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశస్తులు జన్నారం మండలం దాకా నడిచిపోయి గోదావరి జలం తెస్తరు. పూజకు కుండలు ఇప్పటికీ సిరికొండ కుమ్మరులు మట్టితోనే చేసిస్తరు. అంత పెద్ద జాతరల దేవుని కాడ మట్టి కుండ నిలబడ్డదంటే, మన ఇంట్ల రంజన్ నిలబడలేదా? అట్లనే బతుకమ్మ. తంగేడు, గునుగు, బంతి చెరువుల కలిస్తే చెరువుకు కష్టం లేదు. సద్దులు తెచ్చిన కవర్లు, కింద పెట్టే థర్మకోల్ మాత్రం ఏడాది దాటినా అక్కడనే తేలుతయి. వచ్చే బతుకమ్మకు సత్తుపిండి, మలీద ముద్దలు స్టీల్ డబ్బీల తెద్దాం, ఆకుల పంచుదాం.

తోముడు కూలి లెక్క

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఒక పెండ్లి అనుకోండి, 500 మంది భోజనం. మనిషికి ఒక పళ్లెం, రెండు గ్లాసులు, ఒక గిన్నె పారేసేవి వాడితే 2,000 ముక్కల చెత్త. ఊరిల ఏడాదికి అటువంటివి పది జరిగితే 20,000 ముక్కలు. అవన్నీ ఊరవతల గుట్టగా పడుతయి, గాలికి చేన్లల్లకు పోతయి.

స్టీల్ బ్యాంకు పెడితే 500 పళ్లాలు కొనాల్నా? అక్కర్లేదు. ఒక బంతికి 150 మంది కూసుంటరు. ఒక బంతి లేచి ఇంకో బంతి కూసునేలోపు కడిగి పెట్టాలె. 200 సెట్లుంటే చిన్న ఊరికి సరిపోతయి. మొదటి పెట్టుబడి గ్రామ సంఘం నిధి నుంచో, దాత నుంచో, పంచాయతీ నుంచో తేవచ్చు.

కిరాయి ఎట్ల పెట్టాలె? ఉదాహరణకు ఒక్క సెట్టుకు, అంటే పళ్లెం, గ్లాసు, గిన్నెకు, మనిషికి ఆరు రూపాయలు అనుకుందాం. అందుల మూడు రూపాయలు కడిగినవాళ్లకు, రెండు రూపాయలు సంఘానికి, ఒక రూపాయి పోయినవి, సొట్టపోయినవి మళ్లా కొనడానికి. 500 మందికి 3,000 రూపాయలు వస్తయి. అందుల 1,500 కడిగే నలుగురికి, తలా 375. సంఘానికి వెయ్యి, సామాన్ల నిధికి 500. ఇది లెక్క చూపించడానికి చెప్పిన రేటే. మీ ఊరి దుకాణంల ప్లాస్టిక్ సెట్టు ఎంతకు వస్తున్నదో అడిగి, పక్కన రాసుకొని, మీ రేటు మీరే తీర్మానం చేసుకోండి.

గుర్తు పెట్టుకోవాల్సింది ఒక్కటే. కడిగే పైసలు కిరాయిల విడిగా చూపించాలె. “సంఘం పని కదా, నలుగురు కలిసి తోమండి” అంటే రెండు పెండ్లిలకే స్టీల్ బ్యాంకు మూలకు పడుతది. బీద సభ్యురాలి మీదనే ఆ పని పడుతది, మాట్లాడలేక చేస్తది. అది మన సంఘం పద్ధతి కాదు. కడగడానికి మగవాళ్లు ముందుకొస్తే వాళ్లకు సుత అదే కూలి. రిజిస్టర్ల రాయకుండా ఒక్క గ్లాసు బయటికి పోవద్దు. అడ్వాన్సు తీసుకోవాలె, లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోవాలె. కడిగిన నీళ్లు ఇంకుడు గుంతకు పోవాలె.

ఇస్తార్లు వాడుకునేవాళ్లు వాడుకోండి, మంచిదే. మోత్కాకు కుట్టే పని అడవి దిక్కు అక్కలకు నాలుగు పైసలు ఇస్తది. కానీ కొనేటప్పుడు తిప్పి చూడండి. మిషన్ మీద ఒత్తిన కొన్ని ఇస్తార్లకు కింద ప్లాస్టిక్ పొర అతికిస్తున్నరు. మెరిసే కాగితం పళ్లాలదీ అదే సంగతి. పొర ఉంటే అది ఇస్తారి కాదు, ఆకు తొడుక్కున్న ప్లాస్టిక్.

సంచి ఎవరు పట్టుకోవాలె

బడిపిల్లల యూనిఫాంలు కుట్టిన కుట్టు కేంద్రాలు మనకున్నయి. మిగిలిన గుడ్డ ముక్కలు, పాత నూలు చీరలు, లుంగీలు సంచులు అయితయి. ఇంటికి మూడు చాలు. ఒకటి పెద్దది అంగడికి, ఒకటి చిన్నది కిరాణానికి, ఒకటి లోపల డబ్బీ పెట్టుకునేది మాంసానికి, చేపలకు.

ఇంట్లకు కవర్లు ఎక్కువ తెచ్చేది ఎవరు? పనికాడి నుంచి వచ్చేటప్పుడు బండి ఆపి కూరగాయలు, కల్లు, కోడికూర తెచ్చే మగవాళ్లు. కాబట్టి ఒక సంచి, ఒక డబ్బీ బండి డిక్కిల ఉండాలె. అది మళ్లా డిక్కిల పెట్టే బాధ్యత బండి నడిపేవాళ్లదే. “సంచి ఇయ్యలేదు” అని ఇంటికొచ్చి మన మీద గరం కావద్దు.

మిగతా చిన్న పనులు తొందరగా చెప్తా. పాల ప్యాకెట్ కొసను పూర్తిగా తెంపద్దు, అంటుకొని ఉండేటట్టు కోయండి. తెగిన చిన్న ముక్కను ఎవరూ ఏరరు, అది మట్టిలకే పోతది. పాల, నూనె కవర్లు కడిగి ఆరబెట్టి ఒక సంచిల జమ చేస్తే పాతసామాన్లాయన తీసుకుంటడు. పిల్లల సద్ది స్టీల్ డబ్బీల పెట్టండి. ఎండల పెట్టిన ప్లాస్టిక్ సీసా నీళ్లు తాగియ్యద్దు. పనికాడికి స్టీల్ సీసా, ఇంట్ల రంజన్.

సభ ముందు పెడుతున్న తీర్మానాలు

ఇంటికి పోయి మర్చిపోకుండ, నాలుగు తీర్మానాలు ఈ సభ ముందు పెడుతున్న. ఒప్పుకుంటే ఏ గ్రామ సంఘానికి ఆ గ్రామ సంఘం మినిట్స్ పుస్తకంల రాసుకోవాలె.

ఒకటి, సంఘం మీటింగులల్ల, సమాఖ్య సభలల్ల ప్లాస్టిక్ గ్లాసు, కాగితం కప్పు, ప్లాస్టిక్ పళ్లెం ఉండద్దు. ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకుంటం.

రెండు, తిండి వస్తువును ముడేసిన కవర్ల పారేయం, పొయ్యిల ప్లాస్టిక్ వేయం. నెలనెలా పొదుపు కట్టేటప్పుడు ఈ రెండు మాటలు అడుగుకుంటం.

మూడు, ప్రతి గ్రామ సంఘం ఆర్నెల్లల్ల స్టీల్ బ్యాంకు మీద చర్చ పెట్టి, పెట్టుబడి, కిరాయి, కడిగే కూలి మూడూ రాసి తీర్మానం చేయాలె. కూలి రాయని తీర్మానం చెల్లదు.

నాలుగు, గ్రామసభల పొడి చెత్త సేకరణ గురించి మన సంఘం పేరుతోని అడగాలె, అడిగింది రాయించాలె.

మనం ఒకప్పుడు నెలకు ఇరవై, ముప్పై రూపాయల పొదుపుతోని మొదలుపెట్టినం. అంత చిన్న పైసలతోని ఏమైతదని నవ్వినోళ్లున్నరు. ఈనాడు లక్షల లింకేజీ తీసుకొని తిరిగి కడుతున్నం. చిన్న మొత్తాన్ని అందరం కలిసి, ప్రతి నెలా, లెక్క రాసి చేస్తే ఏమైతదో మనకు ఇంకొకరు చెప్పనవసరం లేదు. ఈ పని సుత అట్లనే చేద్దాం. వచ్చే ఏటి నివేదికల ఎన్ని ఊళ్లల్ల స్టీల్ బ్యాంకు వచ్చింది, ఎంతమందికి తోముడు కూలి అందింది అనే ఒక పట్టిక ఉండాలని కోరుకుంటున్న.